కాలువ గట్టు మీద నేల ఎలా ఉందో ముందే తెలుసుకునేదెలా?

సైకిల్ టూర్ కోసం బండ్లు తిరగని దారుల్లోనే 70 కి.మీ. లూప్ ఒకటి మ్యాప్‌లో గీస్తున్నాను. ఊరి నుంచి పొలాల డొంక, పాత రైలు కట్ట, అక్కణ్ణించి కాలువ గట్టు పట్టుకుని మళ్లీ ఊరికి. చిక్కంతా గట్టు మీది 22 కి.మీ.తోనే.

సైకిల్‌కు 700×40 (40 మి.మీ. వెడల్పు) టైర్లు, మడ్‌గార్డులు ఉన్నాయి. వెనక సంచుల్లో 16 కిలోలు. టైర్లలో గాలి ఒత్తిడి ముందు 40, వెనక 50 పీఎస్‌ఐ.

ఎవరైనా వివరాలు చేర్చగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గట్టును ‘ట్రాక్’ (బండి బాట) అని మాత్రమే గుర్తించారు. ట్రాక్‌టైప్ (బాట ఎంత గట్టిది), సర్ఫేస్ (పైన ఏముంది) ఎవరూ నింపలేదు. ఆ మ్యాప్ మీద దారి గీసే బ్రౌటర్‌లో ట్రెక్కింగ్ ప్రొఫైల్ (టూరింగ్ సైకిళ్లకు తగ్గ సెట్టింగ్) పెడితే గట్టు వదిలేసి మెయిన్ రోడ్డెక్కిస్తోంది. అది 3 కి.మీ.యే అయినా నాకొద్దు, లారీలు పక్కనుంచి రాసుకుపోతుంటే టూరింగ్‌లో సుఖమేముంది? మధ్యలో పాయింట్లు పెట్టి గట్టు మీదికి లాగితే గీత వస్తోంది గానీ నేల సంగతి తెలియట్లేదు. శాటిలైట్ ఫొటోలో మొరం, ఎండిన మట్టి ఒకేలా కనిపిస్తున్నాయి. హీట్‌మ్యాప్‌లో (జనం తిరిగిన దారుల్ని రంగుల్లో చూపే మ్యాప్) సైకిళ్ల జాడ ఉంది, అవి లోడుతో వెళ్లినవో కాదో చెప్పదు.

రెండు చివర్లా తొక్కి చూశాను. ఒకవైపు గట్టి మొరం, గంటకు 16 కి.మీ. హాయిగా పోవచ్చు. రెండోవైపు నల్లమట్టి. వాన పడిన మర్నాడు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య మట్టి ముద్దకట్టి చక్రమే తిరగలేదు. ఎండాక ట్రాక్టర్ చాళ్లు రాయిలా బిగుసుకుని, లోతుకు పెడల్ అంచులకు తగులుతోంది. వెనక గాలి 35కు దించితే కుదుపు తగ్గింది, కానీ రిమ్ నేలకు కొట్టుకుంటోంది.

మధ్యలో నల్లమట్టి ఎక్కడ మొదలవుతుందో అక్కడికి వెళ్లకుండానే పసిగట్టడానికి మ్యాపుల్లో, ఫొటోల్లో మీరు ఏ గుర్తులు చూస్తారు?