వెరావల్‌లో మొదలైన క్షయ మందులు మా ఊళ్లో కొనసాగాయి. విదేశీ సాయం తగ్గితే ఇవి ఆగిపోతాయా?

తీరవాసి (ఎచ్చెర్ల మండలం):
మా బావ ఏటా చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్తాడు. కిందటిసారి అక్కడ దగ్గు ఎన్నాళ్లకూ తగ్గకపోవడంతో ప్రభుత్వాసుపత్రిలో కళ్లె పరీక్ష చేసి, క్షయ అని నిర్ధారించి మందులు మొదలుపెట్టారు. నెలన్నర తర్వాత ఇంటికి వచ్చి, క్షయ రోగుల వివరాలు నమోదుచేసే ప్రభుత్వ వ్యవస్థ ఇచ్చిన నిక్షయ్ నంబరు చూపిస్తే, మిగిలిన కోర్సంతా మా పీహెచ్‌సీలోనే ఉచితంగా ఇచ్చారు. ఇప్పుడు కోలుకుని మళ్లీ వేటకు సిద్ధమవుతున్నాడు. అయితే 2025 ఆరంభంలో అమెరికా తన విదేశీ సాయాన్ని నిలిపివేశాక అనేక దేశాల్లో క్షయ కార్యక్రమాలు దెబ్బతిన్నాయని చదివినప్పటి నుంచి నాకు దిగులుగా ఉంది. మన మందులు ఎవరి డబ్బుతో వస్తున్నాయి? దేశాల మధ్య సహకారమంటే డబ్బు ఇచ్చిపుచ్చుకోవడమేనా?

నాగావళి (శ్రీకాకుళం, విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు):
తీరవాసి గారూ, ముందుగా మీ దిగులు తీరే మాట చెబుతాను. మన దేశంలో క్షయ కార్యక్రమానికయ్యే ఖర్చులో ఎక్కువ భాగం మన ప్రభుత్వాలదే. మీ బావగారు వేసుకున్న మామూలు మందులను కేంద్రమే కొని రాష్ట్రాలకు పంపుతుంది. క్షయ, ఎయిడ్స్, మలేరియాలపై పోరాటానికి నిధులిచ్చేందుకు 2002లో ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఫండ్ నుంచి కొంత సాయం అందుతున్నా, అది తగ్గినంత మాత్రాన పీహెచ్‌సీలో మాత్రలు ఆగిపోవు.

ఇక సహకారం సంగతి. ఒకప్పుడు క్షయ వస్తే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి శానిటోరియంలో (క్షయ రోగుల ఆసుపత్రిలో) నెలల తరబడి ఉండవలసి వచ్చేది; కూలి చేసుకునే మనిషికి అది సాధ్యమయ్యే పని కాదు. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి మద్రాసులో ఒక కేంద్రాన్ని నెలకొల్పి, కొందరు రోగులకు ఇంటి దగ్గరే, మరికొందరికి శానిటోరియంలో అవే మందులిచ్చి చూశాయి. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవారు కూడా దాదాపు అంతే బాగా కోలుకున్నారనీ, వారివల్ల ఇంట్లోవారికి అదనపు ముప్పేమీ కలగలేదనీ 1959లో వెలువడిన ఫలితాలు చూపించాయి. మీ బావగారు ఇంట్లోనే ఉండి మందులు వాడగలిగారంటే దాని మూలం అక్కడుంది. నా ఉద్యోగ కాలంలో ఆ సంగతి తలచుకోని రోజు అరుదు.

గరివిడి టీచరమ్మ:
నాగావళి గారు చెప్పినదానికి మందుల ధర సంగతి కూడా చేర్చాలి. మామూలు మందులకు లొంగని ఎండీఆర్ క్షయకు బెడాక్విలిన్ అనే మందు 2012 చివర్లో అమెరికాలో అనుమతి పొందింది. దాని పేటెంటును మన దేశంలో 2027 వరకు పొడిగించాలని తయారీ సంస్థ జాన్సన్ అండ్ జాన్సన్ కోరగా, క్షయను జయించిన ఇద్దరు స్త్రీలు, మన దేశానికి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే, అభ్యంతరం దాఖలు చేశారు. ఇద్దరూ క్షయకు వాడిన పాత ఇంజెక్షన్ల వల్ల వినికిడి కోల్పోయినవారే. 2023 మార్చిలో మన పేటెంటు కార్యాలయం ఆ దరఖాస్తును తిరస్కరించింది. జూలైలో అసలు పేటెంటు ముగియడంతో మన కంపెనీలు ఆ మందును తయారుచేసి ఇతర దేశాలకూ అందించే దారి తెరుచుకుంది. ఏడాదిన్నరకు పైగా సాగే ఎండీఆర్ చికిత్సను చాలామందికి ఆరు నెలలకు కుదించిన కొత్త పద్ధతికి ఈ మందే ఆధారం. ఇద్దరు రోగులు చేయి కలిపి సాధించిన ఈ సహకారాన్ని పిల్లలకు పాఠంగా చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

టెక్కలి మిత్రుడు:
అయినా డబ్బు ప్రశ్నను అంత తేలిగ్గా వదలకూడదని నా అభిప్రాయం. క్షయ నివారణ, నిర్ధారణ, చికిత్సలకు 2027 నాటికి ఏటా 2,200 కోట్ల డాలర్లు సమకూర్చుకుంటామని 2023 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితి సమావేశంలో దేశాలు ఒప్పుకున్నాయి. 2024లో సమకూరింది సుమారు 590 కోట్ల డాలర్లే. డబ్బు కొరత వస్తే పరిశోధన కూడా దెబ్బతింటుంది. 1921లో వచ్చిన బీసీజీ తప్ప క్షయకు మనకు మరో టీకా లేదు. పెద్దలకు పనికివస్తుందని ఆశిస్తున్న ఎం72 టీకా తుది దశ పరీక్షలు 2024లో దక్షిణాఫ్రికాలో మొదలయ్యాయి. మా వైపు గ్రానైట్ క్వారీల్లో రాతి ధూళి పీల్చేవారికి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తే, దానితోపాటు క్షయ ముప్పూ పెరుగుతుంది. వారికి ఆ టీకా ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

తీరవాసి గారూ, మీ బావగారి ఇంట్లోవారికి పరీక్షలు చేయించారా? వ్యాధి లేదని తేలితే, రాకుండా ముందుజాగ్రత్తగా మాత్రలు ఇస్తారు.

తీరవాసి:
అందరికీ కృతజ్ఞతలు. అక్కకు, పిల్లలిద్దరికీ పరీక్ష చేయించాలన్న ఆలోచనే మాకు రాలేదు. సోమవారం ఏఎన్ఎం గారిని కలిసి, ముగ్గురినీ పీహెచ్‌సీకి తీసుకెళ్తాను.