మొరాకో పొడుగు తుపాకులు: యుద్ధానికా, ఊరేగింపుకా?

పాతసామాను_రాజు: మర్రకేష్ వెళ్లినప్పుడు ఒక షాపోడు "అసలైన ముకహ్లా" (అక్కడి పొడుగు తుపాకీ) అని నాకు అంటగట్టాడు. నాలుగడుగుల పైనే గొట్టం, పొడుగునా ఇత్తడి పట్టీలు, బట్ మీద ఎముక ముక్కల పని. ఇంటికొచ్చి ట్రిగ్గర్ నొక్కితే ఒక్క రవ్వ రాదు. ఇవి తబూరీదలో, అంటే అక్కడి గుర్రపు స్వారీ వేడుకలో, గుండు లేకుండా ఉత్త మందు పేల్చడానికే, యుద్ధానికి కాదు.

కొలిమి_మనవడు: అన్నా, టూరిస్టులకి అమ్మిన బొమ్మని చూసి తీర్పు చెప్పేస్తావా. వాటి లాక్, అంటే మందుకి నిప్పంటించే యంత్రం, స్నాప్‌హాన్స్ రకం. చెకుముకి రాయి గీసే ఉక్కు పలక వేరు, రంజకం (ముందు అంటుకునే కాస్త మందు) గిన్నె మూత వేరు. రాయి పట్టుకున్న కొక్కెం పడుతుంటేనే లోపలి కడ్డీ మూతని నెట్టేస్తుంది, రవ్వలు గిన్నెలో పడి ఆ మంట చిన్న బెజ్జంలోంచి గొట్టంలో మందుకి అంటుకుంటుంది. పలకని ముందుకి తిప్పేస్తే మందు దట్టించి ఉన్నా పేలదు, సేఫ్టీ అన్నమాట.

సీమ_శీను: అల్జీరియాలో కబీల్ జనం తుపాకులకి మిక్వెలెట్ అని ఇంకో రకం చెకుముకి లాక్, రెండూ కలపకండి.

పాతసామాను_రాజు: పలకా మూతా ఒకే ముక్కగా ఫ్లింట్‌లాక్ వచ్చాక ఐరోపా ఆ పాతదాన్ని వదిలేసింది. వీళ్లు 19వ శతాబ్దంలో కూడా అదే చేసుకుంటూ కూర్చున్నారు, 1844లో ఇస్లీ నది దగ్గర ఫ్రెంచోళ్ల చేతిలో ఓడారు. నాటు సరుకు నాటు సరుకే.

కొలిమి_మనవడు: ఫ్రెంచి సిపాయిలవీ మూతిలోంచి మందు దట్టించే తుపాకులే, గెలిపించింది వాళ్ల సైన్యం మోహరించిన తీరు, ఫిరంగులు. ఇంకోటి, నాటు అనకు. మా తాత కమ్మరి. స్ప్రింగ్ విరిగిన పిట్టల తుపాకీ తెస్తే పాత రంపం బ్లేడు కాల్చి, వంచి, నూనెలో ముంచి కొత్తది చేసిచ్చేవాడు. ఆయన్నీ "నాటోడు" అనే అన్నారు. విరిగిన ముక్క ఊరి కొలిమిలోనే చేసుకోగలిగితే ఆ లాక్‌ని ఎందుకు వదలాలి?

పాతసామాను_రాజు: ఎందుకంటే మా నాన్న పాత మగ్గం వదల్లేక అప్పుల్లో పోయాడు. పాతదాన్ని పట్టుకుని ఉండటం గొప్ప అని ఎవరన్నా అంటే నాకు ఒళ్లు మండుద్ది. తుపాకీ సంగతి తర్వాత.

కొలిమి_మనవడు: అది ముందే చెప్పుంటే ఇంత గొంతు లేపేవాణ్ణి కాదన్నా. కానీ మగ్గం ముంచింది మీ నాన్నని, ఆ లాక్ చేసినోణ్ణి కాదు.

సీమ_శీను: రాజన్నా, కొక్కెంలో చెకుముకి రాయి ఉందా అసలు?

పాతసామాను_రాజు: ఇప్పుడే చూశా. చెక్క ముక్క పెట్టాడు.