ఇంటి నుంచే పని, ఐదేళ్ళు దాటింది, ఇప్పుడు ల్యాప్‌టాప్ తెరవాలంటే చేతులాడట్లేదు

లంకగట్టు:
అందరికీ నమస్కారమండి. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడే ముందు హైదరాబాద్ రూము నుంచి ఒక్క బ్యాగుతో వచ్చేశాను, ఆ తర్వాత ఆఫీసుకి రమ్మనలేదు, నేనూ అడగలేదు. అమెరికా క్లయింటుకి సపోర్టు పని. మొదటి రెండేళ్ళు నిజంగా బాగుంది, అమ్మ చేతి వంట, అద్దె గోల లేదు, పొద్దున్నే కాలువ గట్టు మీద నడక.

ఇప్పుడు మధ్యాహ్నం 2కి లాగిన్ అయితే రాత్రి 11కి అయిపోవాల్సింది ఒంటిగంట దాకా సాగుతోంది, ఫోను మంచం పక్కనే, అది టింగ్ మంటే గుండె ఝల్లుమంటుంది, తీరా చూస్తే ఎవరో థాంక్స్ అని పెట్టి ఉంటారు. ఇంట్లోవాళ్ళకేమో నేను ఖాళీగా ఉన్నట్టే లెక్క. గ్యాస్ బండ తేవాలన్నా నేనే, పెద్దమ్మని అమలాపురం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలన్నా నేనే, "ఇంట్లోనే ఉంటావు కదరా" అంటారు.

మొన్న సోమవారం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పాస్‌వర్డ్ కూడా కొట్టకుండా 20 నిమిషాలు అలా చూస్తూ ఉండిపోయాను. వెనక దొడ్లో కొబ్బరి దింపు జరుగుతోంది, గెలలు దబ్బుదబ్బున పడుతున్నాయి, కాయల లెక్క రాయడానికి రమ్మని అమ్మ పిలుస్తోంది, వినపడుతోంది గానీ లేవలేకపోయాను. ఆవిడ వచ్చి భుజం మీద చెయ్యేసింది, గట్టిగా అరిచేశాను. ఏమీ అనకుండా వెళ్ళిపోయి తనే బొగ్గుముక్కతో గోడ మీద గీతలు పెట్టుకుంది. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదండి.

ఇంటి లోను ఉంది, మానేసే పరిస్థితి లేదు. మానకుండా దీంట్లోంచి బయటపడ్డవాళ్ళు ఉన్నారా? మళ్ళీ హైదరాబాద్ వెళ్ళిపోతే తగ్గుతుందా?

ఉండి_కాలువ:
తమ్ముడూ అంటాను ఏమనుకోకు. ముందు అమ్మతో మాట్లాడు, మిగతావన్నీ తర్వాత.

మాది భీమవరం వైపు, నేను టెస్టింగ్ లీడ్‌ని, ఇద్దరు పిల్లలు, మా మామగారికి నడుం దెబ్బతిని మంచం మీదే ఉంటారు. నన్ను బాగా దెబ్బకొట్టింది ఏంటో చెప్తాను. అమెరికా వాళ్ళు మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. న్యూయార్క్ వాళ్ళ పొద్దున్న 9 గంటల మీటింగు మనకి ఎండాకాలంలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. ఒక్క గంటే కదా అనుకుంటాం, ఆ గంటే మా ఇంట్లో పిల్లల అన్నాలు, మామగారి మందులు. మూడు చలికాలాలు ఒక చెవిలో హెడ్‌సెట్ పెట్టుకుని ముద్దలు కలిపి పెట్టాను, మ్యూట్ తీసేసరికి చిన్నది ఏడుపు. నాలుగో ఏడు అడిగేశాను, నవంబరు నుంచి మార్చి దాకా మీ 8 గంటలకే పెట్టండి, నాకు ఆరున్నరే ఉంటుంది అని. ఒక్క రోజులో ఒప్పుకున్నారు. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు కాబట్టి మార్చలేదట! నాకు ఆ రోజు ఏడుపొచ్చింది, మూడేళ్ళు ఊరికే పోగొట్టుకున్నానని.

రెండోది, చాట్ యాప్ ఫోన్లోంచి తీసేశాను. లీడ్‌లందరికీ మెయిల్ పెట్టాను, నిజంగా సర్వర్ పడిపోతే ఫోన్ చెయ్యండి, ఏ టైమైనా ఎత్తుతాను, మెసేజ్ మాత్రం పొద్దున్నే చూస్తాను అని. మొదటి నెలంతా కలిపి వచ్చిన ఫోన్లు రెండు. పని అయ్యాక ల్యాప్‌టాప్ బీరువాలో చీరల కింద పెట్టి తాళం వేస్తాను, మంచం మీద నుంచి అది కనపడకూడదు అంతే.

గౌతమి_పాయ:
హైదరాబాద్ సంగతి నేను చెప్పగలను, ఎందుకంటే వెళ్ళొచ్చాను. నాది రావులపాలెం. 2023లో ఇలాగే తట్టుకోలేక రూము తీసుకుని ఆఫీసుకి వెళ్ళడం మొదలెట్టాను, మూడు నెలలు హాయిగా అనిపించింది, నాలుగో నెలకి మళ్ళీ అదే గుండె దడ. ముగ్గురు చేసే పని నేనొక్కడినే చేస్తున్నాను, అది ఊళ్ళో కూర్చుని చేసినా గచ్చిబౌలిలో కూర్చుని చేసినా ముగ్గురి పనే కదండి. ఏడాదికి వెనక్కి వచ్చేశాను.

దీన్ని బర్నౌట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన తన కొత్త జబ్బుల వర్గీకరణలో ఇది ఉంది, కానీ జబ్బుగా కాదు, పనికి సంబంధించిన పరిస్థితిగా, అంటే పనిలో ఒత్తిడి చాలాకాలం సర్దుబాటు కాకుండా ఉండిపోతే వచ్చేది. మూడు గుర్తులు చెప్తారు, ఒంట్లో సత్తువ పూర్తిగా అయిపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, ఏం చేసినా సరిగ్గా చెయ్యలేకపోతున్నా అనిపించడం. మీరు రాసినదాంట్లో మొదటి రెండూ నాకు కనపడుతున్నాయి. ఇందులో మీ బద్ధకం ఏమీ లేదు, అది మనసులోంచి తీసెయ్యండి ముందు. దీని మీద చాలా ఏళ్ళు పనిచేసిన క్రిస్టినా మస్లాక్ అనే ఆవిడ ఆరు విషయాలు చూడమంటుంది, పని బరువెంత, మన చేతిలో ఎంత ఉంది, గుర్తింపు, తోటివాళ్ళు, న్యాయం, మన విలువలతో కుదురుతోందా అని. యోగా చేస్తే, పాటలు వింటే మనం ఓ పూట తేరుకుంటాం, బరువు మాత్రం అలాగే ఉంటుంది.

కాబట్టి రెండు వారాలు రాసి పెట్టండి. రాత్రి 11 తర్వాత ఎన్ని టికెట్లు, అంటే క్లయింటు పంపే కంప్లయింట్లు, చూశారు, అందులో పొద్దున దాకా ఆగలేనివి ఎన్ని. నేను ఆ షీటు మా మేనేజర్ ముందు పెట్టాను, "కష్టంగా ఉంది సార్" అని ఏడాదిన్నర చెప్పినప్పుడు కదలని మనిషి అంకెలు చూశాక కదిలాడు, రెండు నెలలకి ఇంకో మనిషిని ఇచ్చారు, ఆన్‌కాల్, అంటే రాత్రిళ్ళు ఫోనుకి అందుబాటులో ఉండే డ్యూటీ, వారానికొకరి వంతు అయ్యింది. ఇవ్వకపోయి ఉంటే వేరే చోట వెతుక్కునేవాణ్ణే, అది కూడా దాచక్కర్లేదు.

ఇంకోటి తోటివాళ్ళ గురించి. 2022 మేలో అమలాపురం గొడవలప్పుడు నెట్ ఆపేశారు గుర్తుందా, మనవాళ్ళు సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్టుకి చేరారు. ఊళ్ళో ఆ పరిస్థితి చూస్తే మనసు పాడైపోయేది, అదో చెడ్డ వారం, కానీ చెట్టు కింద నా పక్కన కూర్చున్నవాడు మా పక్క వీధి అబ్బాయే, రెండేళ్ళ నుంచి ఇదే పని చేస్తున్నాడు, నాకు తెలీదు! ఇప్పుడు మేం నలుగురం కలిసి ఓ గది అద్దెకి తీసుకుని వారానికి రెండ్రోజులు అక్కడే కూర్చుంటాం. గుమ్మం దాటి వెళ్తున్నాం కాబట్టి ఇంట్లోవాళ్ళు కూడా డ్యూటీకి వెళ్ళాడు అనుకుంటారు, గ్యాస్ బండ సాయంత్రానికి ఆగుతుంది.

ఉప్పుటేరు:
మా నాన్న ఐటీ కాదు, రొయ్యల చెరువు, కాట్రేనికోన వైపు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, ఆ టైములో కరెంటు పోయి ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మిషన్లు) ఆగితే పంట మొత్తం పోవచ్చు, అందుకని ఏళ్ళ తరబడి టార్చి పట్టుకుని ఒక్కడే గట్టు మీద తిరిగేవాడు. మా అక్క నిశ్చితార్థం రోజు తాంబూలాలు మార్చుకునే వేళకి కుర్చీలోనే నిద్రపోయాడు, లేపినా తెలివి రాలేదు. ఆ తర్వాతే పక్క చెరువు బాబాయితో ఒప్పందం, ఓ రాత్రి నువ్వు రెండు చెరువులూ చూడు, ఓ రాత్రి నేను చూస్తా అని. అన్నా, మీ రాత్రి కాపలాకి కూడా వంతు పెట్టించు.

తెల్లకోటు_కాదు:
ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేస్తున్నానండి. ఓసారి రక్తపరీక్ష చేయించుకోండి, హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12. ఇవి తేడాగా ఉన్నా ఇలాగే నీరసం ఉంటుంది. సెలవు పెట్టినా, ఇష్టమైన పని చేసినా కూడా ఏమీ అనిపించకపోతే, లేదా బతకడం ఎందుకు అనే ఆలోచన వస్తే అది బర్నౌట్ అని వదిలెయ్యకండి, డిప్రెషన్ కావచ్చు, డాక్టరుకి చూపించుకోవాలి. 14416 టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడ్డానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ నంబరు, ఉచితం, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడొచ్చు.

లంకగట్టు:
అందరికీ చాలా చాలా థాంక్సండి, రెండు వారాల తర్వాత రాస్తున్నా. అమ్మతో అదే రోజు మాట్లాడాను. "నువ్వు అందులో ఏం చేస్తావో నాకేం తెలుస్తుందిరా, నువ్వు చెప్తే కదా" అంది. పక్కన కుర్చీ వేసి ఓ అరగంట చూపించాను, ఆ ఎర్రగీతలన్నీ నీ మీదకే వస్తాయా అని అడిగింది. ఇప్పుడు 2 దాటాక ఎవరైనా పిలిస్తే తనే ఆపుతోంది.

రక్తంలో బి12 తక్కువుందట, మందులు మొదలెట్టాను. నిద్ర ఇంకా సరిగ్గా లేదు. షీటు రాశాను, 14 రోజుల్లో 11 రోజులు రాత్రి 11 దాటింది, మొత్తం 26 టికెట్లు, ఆగలేనివి 3. ఆ మూడు చూసి నేనే నమ్మలేకపోయాను, మళ్ళీ లెక్కపెట్టాను. గురువారం మేనేజర్‌తో కాల్ ఉంది. గౌతమి గారూ, షీటు ముందే పంపాలా, కాల్‌లో చూపించాలా?

గౌతమి_పాయ:
బుధవారమే పంపెయ్యండి, చదువుకుని వస్తాడు. వంతులు ఎలా వెయ్యొచ్చో కిందే రెండు లైన్లు రాయండి. గురువారం ఎంత రాత్రయినా సరే, ఏమైందో ఇక్కడ పెట్టండి... కాదు, శుక్రవారం పొద్దున్న పెట్టండి.