విద్యా పరిశోధన పద్ధతుల్లో పీహెచ్‌డీ: హెచ్4 మీద కొత్తగా వచ్చాను, సలహా కావాలి

అందరికీ నమస్కారం. ఈ మధ్యే మేరీల్యాండ్ వచ్చాను, జర్మన్‌టౌన్‌లో ఉంటున్నాం. మావారిది హెచ్1బీ ఉద్యోగ వీసా, నాది ఆయన మీద ఆధారపడిన హెచ్4. ఉస్మానియాలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, ఆ తర్వాత బీఈడీ చేసి నల్గొండ జిల్లాలో ఒక గురుకులంలో కొన్నేళ్లు లెక్కలు చెప్పాను. ఇక్కడ ఎవరిని అడిగినా డేటా సైన్స్ ఎమ్మెస్ చెయ్యమంటున్నారు. నాకేమో చదువుల గురించి, పరీక్షల గురించి పరిశోధన చెయ్యాలని ఉంది. స్టాటిస్టిక్స్‌నే విద్యారంగంలో వాడే పీహెచ్‌డీలు ఉన్నాయని విన్నాను. ఎలా అప్లై చెయ్యాలి? ఫీజు మేము కట్టుకోలేం. ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో రాసే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) కోసం హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీని అడగనా?

జవాబు

నమస్కారం అండీ. కన్సల్టెన్సీ దగ్గరకు మాత్రం వెళ్లకండి. వాళ్లకు తెలిసింది ఎమ్మెస్ అడ్మిషన్లు. పీహెచ్‌డీ అడ్మిషన్‌లో మీ ఫైలు చదివేది రేపు మీతో నాలుగైదేళ్లు పనిచేయబోయే ప్రొఫెసర్లే. "చిన్నప్పటి నుంచి గణితమంటే ఆసక్తి" అని మొదలయ్యే ఎస్‌ఓపీ వాళ్లకు మొదటి పేరాలోనే తెలిసిపోతుంది.

నేను ఈ సబ్జెక్టులోనే పీహెచ్‌డీ చేసి ఇప్పుడు పరీక్షల సంస్థలో సైకోమెట్రీషియన్‌గా, అంటే పరీక్షల కొలత నిపుణుల్లో ఒకరిగా పనిచేస్తున్నాను. మీ చదువు, మీ టీచర్ ఉద్యోగం రెండూ కలిసి ఈ రంగానికి సరిగ్గా సరిపోతాయి. మొహమాటానికి చెప్తున్న మాట కాదిది. స్టాటిస్టిక్స్ వచ్చినవాళ్లు చాలామంది దరఖాస్తు చేస్తారు, క్లాసులో నిలబడి పాఠం చెప్పినవాళ్లూ చేస్తారు. రెండూ ఉన్నవాళ్లు తక్కువ.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. ఈ రంగంలో రెండు దారులున్నాయి. ఒకటి కొలత: పరీక్ష ఎలా తయారుచెయ్యాలి, మార్కు నిజంగా దేన్ని చెప్తోంది, రెండు వేర్వేరు పేపర్ల మార్కులను ఒకే స్కేలు మీదకు ఎలా తేవాలి. ఐటమ్ రెస్పాన్స్ థియరీ (ప్రశ్న ఎంత కష్టమో, పిల్లల స్థాయి ఎంతో కలిపి అంచనా వేసే పద్ధతి), ఈక్వేటింగ్ (వేర్వేరు పేపర్ల మార్కులను పోల్చేలా చెయ్యడం) ఇక్కడివి. రెండోది ప్రభావం: ఒక పథకం వల్ల పిల్లలు నిజంగా ఎక్కువ నేర్చుకున్నారా లేదా. పిల్లలు క్లాసులో, క్లాసు బడిలో, బడి జిల్లాలో ఉంటుంది కాబట్టి ఈ స్థాయిలన్నిటినీ కలిపి లెక్కించే మల్టీలెవెల్ మోడల్స్ రెండు చోట్లా కావాలి. ఈ రెండోదానికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. టీచర్లకు పిల్లల ఫలితాలను బట్టి బోనస్ ఇస్తే ఏమవుతుందని కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో చేసిన ప్రయోగం 2011లో అచ్చయింది. ప్రపంచమంతా చదివే పేపరది.

మీ మనసు కొలత వైపు ఉంటే మీ ఇంటికి దగ్గర్లోనే కాలేజ్ పార్క్‌లో మేరీల్యాండ్ యూనివర్సిటీ ఉంది. అక్కడ క్వాంటిటేటివ్ మెథడాలజీ ప్రోగ్రామ్‌కు మంచి పేరు. పక్క రాష్ట్రం వర్జీనియాలో జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీలో అసెస్‌మెంట్ అండ్ మెజర్‌మెంట్ పీహెచ్‌డీ ఉంది. ఊరు మారగలిగితే మసాచుసెట్స్ ఆమ్‌హర్స్ట్, నార్త్ కరోలినా గ్రీన్స్‌బరో, అయోవా చూడండి. అయోవాకు ఈ పనిలో పాత చరిత్ర ఉంది, 1959లో ఏసీటీ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష పుట్టింది అయోవా సిటీలోనే. బోస్టన్ కాలేజీలో అయితే ఎన్నో దేశాల పిల్లలకు పెట్టే టిమ్స్, పర్ల్స్ పరీక్షల కేంద్రమే ఉంది. ర్యాంకుల పట్టికలు పక్కన పెట్టండి. ఎవరి దగ్గర చదువుతారు, వాళ్ల దగ్గర ఏ డేటా ఉంది, అవి చూడండి.

ఎస్‌ఓపీ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, అడ్మిషన్ వచ్చేదీ పోయేదీ అక్కడే. మీ జీవిత కథ వద్దు, ఒక ప్రశ్న కావాలి. మీ బడిలో మీరు చూసినదాంట్లోంచే తీయండి. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. వడ్డీ లెక్క ఇంగ్లీషులో ఇస్తే చెయ్యలేని పిల్ల, అదే లెక్క తెలుగులో చదివి వినిపిస్తే గబగబా చేసేయడం మీరు చూసే ఉంటారు. అప్పుడు ఆ మార్కు దేని మార్కు, లెక్కలదా ఇంగ్లీషుదా? లెక్కల్లో ఒకే స్థాయి ఉన్న ఇద్దరు పిల్లల్లో, మీడియం వేరవ్వడం వల్లే ఒకరికి ఒక ప్రశ్న కష్టమవుతోందా అని పట్టుకునే పద్ధతులున్నాయి. డిఫరెన్షియల్ ఐటమ్ ఫంక్షనింగ్ అంటారు, మా రంగంలో అందరూ డిఫ్ అనే అంటారు. అమెరికాలో స్పానిష్ మాట్లాడే పిల్లల గురించి ఇదే ప్రశ్న మీద దశాబ్దాలుగా పని జరుగుతోంది. మీరు నల్గొండ పిల్లల నుంచి మొదలుపెట్టి అక్కడికి కలపండి. ఈఏపీసెట్‌లో వేర్వేరు సెషన్ల మార్కులను నార్మలైజ్ చేస్తారు కదా, అదీ మంచి ప్రశ్నే. మీరు ఏ ప్రశ్న గురించి రాత్రి పడుకునే ముందు కూడా ఆలోచిస్తారో అదే రాయండి.

అప్లికేషన్‌కు ముందు చేతిలో ఒక చిన్న పని ఉంటే చాలా బలం. టిమ్స్, అలాంటిదే అయిన పిసా పరీక్షల డేటా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి మన రెండు రాష్ట్రాల్లోనే సుమారు 3,000 మంది పిల్లలను అనుసరిస్తూ వచ్చింది, ఆ డేటా యూకే డేటా సర్వీస్‌లో రిజిస్టర్ అయితే దొరుకుతుంది. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని ఏదో ఒక ప్రశ్నకు పది పేజీల్లో జవాబు రాయండి. రైటింగ్ శాంపిల్ అడిగేచోట అదే పనికొస్తుంది.

రికమండేషన్ లెటర్లు మూడు కావాలి. మన దగ్గర మనమే రాసుకెళ్తే సార్ సంతకం పెట్టే అలవాటుంది. దయచేసి అది వద్దు. మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు చూసినవారిని, మీ ప్రిన్సిపల్‌ని అడిగి, మీరు ఏం చేశారో వాళ్లకు గుర్తుచేస్తూ ఒక పేజీ పంపండి. రాయడం వాళ్లనే రాయనివ్వండి.

ఫీజు విషయానికి టెన్షన్ వద్దు. ఫండింగ్ లేకుండా పీహెచ్‌డీలో చేరకండి, అంతే. అసిస్టెంట్‌షిప్ (ప్రొఫెసర్లకు పరిశోధనలోనో బోధనలోనో సాయం చేసే పని) వస్తే ట్యూషన్ మాఫీ, స్టైపెండ్, ఇన్సూరెన్స్ వస్తాయి. స్టైపెండ్ తొమ్మిది నెలలకా పన్నెండు నెలలకా అన్నది రాతపూర్వకంగా అడగండి. గడువులు ఎక్కువగా డిసెంబర్‌లో ఉంటాయి. ఆఫర్లకు జవాబు చెప్పడానికి చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా సమయమిస్తాయి, ఈలోపు ఎవరు తొందరపెట్టినా కంగారుపడకండి. ఒక్క హెచ్చరిక: 2025లో అమెరికా విద్యాశాఖ పరిశోధన విభాగంలో భారీ కోతలు పడ్డాయి. గ్రాంట్ల మీద నడిచే సీట్లు తగ్గాయి. అందుకే సెప్టెంబర్‌లోనే ప్రొఫెసర్లకు నాలుగు వాక్యాల ఈమెయిల్ రాసి, వచ్చే ఏడాది విద్యార్థులను తీసుకుంటున్నారా అని అడగండి. జవాబు రాకపోతే రెండు వారాలు ఆగి ఇంకోసారి రాయండి, అందులో తప్పేమీ లేదు.

ఇంకొకరి జవాబు

వీసా సంగతి నేను చెప్తాను, మా ఆవిడ ఈ దారిలోనే వెళ్లింది. హెచ్4 మీద చదువుకోవచ్చు, కానీ అసిస్టెంట్‌షిప్ ఉద్యోగం కిందికి వస్తుంది. అది చెయ్యాలంటే హెచ్4 ఈఏడీ (పని అనుమతి) ఉండాలి, లేదా విద్యార్థి వీసా ఎఫ్1కి మారాలి. మీవారి గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 అప్రూవ్ అయివుంటే ఈఏడీకి అప్లై చెయ్యొచ్చు. లేకపోతే ఎఫ్1: ఇక్కడే ఐ-539 (వీసా హోదా మార్పు దరఖాస్తు) పెట్టి ఎదురుచూడటం, లేదా హైదరాబాద్ వెళ్లి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్టాంపింగ్ చేయించుకోవడం. ఐ-539 నిర్ణయం ఆలస్యమైతే క్లాసులకు వెళ్లగలరు గానీ స్టైపెండ్ మొదలవదు. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుతో ఆఫర్ వచ్చిన వారంలోనే మాట్లాడండి. ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక గంట ఫీజు ఇచ్చినా దండగ కాదు.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్స్ అండీ ఇద్దరికీ. ఆ వడ్డీ లెక్క అచ్చం మా ఎనిమిదో తరగతిలో జరిగిందే! నా బీఎస్సీ ఇక్కడిలా నాలుగేళ్లది కాదు, మూడేళ్లదే, ఇబ్బందా? జీఆర్‌ఈ రాయాలా? తర్వాత ఉద్యోగాలు ఎలా ఉంటాయి?

మొదటి జవాబిచ్చినవారు

పైన ఎమ్మెస్సీ ఉంది కాబట్టి సాధారణంగా ఇబ్బంది ఉండదు, అయినా ప్రతి గ్రాడ్యుయేట్ స్కూల్‌నీ ఈమెయిల్‌లో అడగండి. జీఆర్‌ఈ చాలాచోట్ల తీసేశారు, కొన్నిచోట్ల ఐచ్ఛికం. 2023 సెప్టెంబర్ నుంచి పరీక్ష రెండు గంటల్లోపే. మీకు లెక్కల భాగంలో మంచి స్కోరు వస్తుంది కాబట్టి ఐచ్ఛికమైన చోట కూడా పంపమంటాను.

ఉద్యోగాలు యూనివర్సిటీల్లోనే కాదు, ఈటీఎస్ లాంటి పరీక్షల సంస్థల్లో, రాష్ట్ర విద్యాశాఖల్లో, లైసెన్స్ పరీక్షలు పెట్టే బోర్డుల్లో ఉంటాయి. ఎఫ్1కి మారితే, ఎడ్యుకేషనల్ స్టాటిస్టిక్స్ అండ్ రీసెర్చ్ మెథడ్స్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంది కాబట్టి ఏడాది ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) మీద ఇంకో 24 నెలలు వస్తాయి. మీ ప్రోగ్రామ్ ఏ కోడ్ కింద ఉందో మాత్రం అడిగి తెలుసుకోండి.

ఉస్మానియా ట్రాన్స్‌క్రిప్ట్‌లకు ఈ వారమే ఇంట్లోవాళ్లతో అప్లై చేయించండి. మార్కుల మెమోలు, ప్రొవిజనల్, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) అన్నీ స్కాన్ చేసి పంపించమనండి. ఎస్‌ఓపీ మొదటి డ్రాఫ్ట్ అయ్యాక నాకు విడిగా పంపండి, చదివి చెప్తాను.