మోటర్‌హోమ్ జనరేటర్: కొత్త ఫ్యూయల్ పంపు వేసినా వేడెక్కాక ఆగిపోతోంది

మేముండేది టెక్సస్‌లో. బండి 2008 మోడల్ పెట్రోల్ మోటర్‌హోమ్ (ఇల్లులా వాడుకునే పెద్ద బండి). అందులోది 4 కిలోవాట్ల కార్బురేటర్ జనరేటర్, 12 వోల్టుల ఎలక్ట్రిక్ పంపు. పెట్రోల్ బండి ట్యాంకు నుంచే వస్తుంది.

చల్లగా ఉన్నప్పుడు వెంటనే స్టార్ట్ అవుతుంది. ఏసీ వేసిన 35, 40 నిమిషాలకు ఇంజిన్ ఊగిసలాడి ఆగిపోతుంది. అరగంట చల్లారనిస్తే మళ్లీ మామూలే. ఎండ ఎక్కువున్న రోజు ఇంకా ముందే ఆగుతోంది. పిల్లలతో ప్రయాణం, ఇక్కడి ఎండలో ఏసీ లేకుండా బండిలో కూర్చోలేం.

ఫిల్టర్ మార్చాను, కార్బురేటర్ విప్పి శుభ్రం చేశాను, ఆయిల్ సరిగ్గానే ఉంది. ట్యాంకు పావు వంతు కంటే తగ్గితే జనరేటర్‌కి పెట్రోల్ అందదు కాబట్టి సగానికి పైనే ఉంచుతున్నాను. ఆగిన వెంటనే ప్రైమ్ స్విచ్ (ఇంజిన్ తిరగకుండా పంపును మాత్రమే నడిపేది) నొక్కి చూస్తే పంపు దగ్గర 12.4 వోల్టులు ఉన్నాయి, టక్‌టక్ శబ్దమూ వస్తోంది, కానీ గొట్టంలోంచి పెట్రోల్ సన్నగా, బుడగలతో వస్తోంది. అందుకే పంపు మార్చాను, కార్బురేటర్‌కి సరిపోయే తక్కువ ప్రెషర్‌దే. తేడా లేదు.

చివరికి పంపు ఇన్‌లెట్‌కి విడిగా పెట్రోల్ డబ్బా కలిపి (ఆరుబయట, మంటలార్పే సిలిండర్ పక్కనే పెట్టుకుని) నడిపాను. ఏసీతో రెండు గంటలు ఆగకుండా నడిచింది. అంటే తప్పు ట్యాంకుకీ పంపుకీ మధ్యే ఉంది. పాత రబ్బరు గొట్టం ఇథనాల్ పెట్రోల్‌కి మెత్తబడి వేడికి అణిగిపోతోందేమో, లేదా ఎక్కడో గాలి పీలుస్తోందేమో అని నా అనుమానం.

ట్యాంకు కిందికి దించకుండా, లోపం బయటి గొట్టంలో ఉందో ట్యాంకు లోపల పెట్రోల్ పైకి లాగే పికప్ ట్యూబులో ఉందో ఎలా తేల్చుకోవాలి?