విల్ ఎప్పుడు, గోయింగ్ టు ఎప్పుడు?

ప్రశ్న:
ఇంగ్లీషులో రేపటి సంగతి ఏదైనా విల్ పెట్టేస్తే చాలనుకుంటూ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను. నిన్న మీటింగులో "ఐ విల్ గో టు ద డెంటిస్ట్ టుమారో" అన్నాను, అపాయింట్‌మెంట్ వారం కిందటే తీసుకున్నాను. పక్కనున్నాయన "ఐ యామ్ గోయింగ్ అనాలి" అన్నాడు. గ్రామర్ తప్పేం లేదు కదా, మరి విల్ ఎక్కడ వాడాలి అసలు?

జవాబు 1:
తప్పని కాదు, కాకపోతే వినేవాళ్ళకి ఆ ఆలోచన మీకు అప్పుడే తట్టినట్టు ఉంటుంది. ముందే ఖాయం చేసుకున్నదానికి "ఐ యామ్ గోయింగ్" సహజం. విల్ ముఖ్యంగా మాట్లాడుతూ ఉండగానే అనుకున్నదానికి. ఫోన్ మోగగానే "నేను తీస్తాలే" అంటాం చూడండి, ఆ "లే" తగిలిన చోట దాదాపుగా విల్ పడుతుంది: "ఐ విల్ గెట్ ఇట్". మాట ఇచ్చేటప్పుడు కూడా అంతే, "ఐ వోంట్ టెల్ ఎనీవన్" (వోంట్ అంటే విల్ నాటే). అసలు గొడవ మన "చేస్తాను"తో, రోజూ చేసేదానికీ అదే, రేపు చేసేదానికీ అదే. అందుకే "రోజూ ఆరింటికి లేస్తాను" అనడానికి కూడా "ఐ విల్ వేకప్ ఎట్ సిక్స్ డైలీ" అనేస్తాం (నేనూ చాలాకాలం అన్నాను).

జవాబు 2:
గోయింగ్ టు మనకి కొత్తేమీ కాదండీ. "చేయబోతున్నాను"లో ఉన్నది కూడా పోవడమే కదా! గ్లాసు టేబుల్ అంచుకి జరిగి ఊగుతోంది, "పడబోతోంది" అని అరుస్తాం, అదే "ఇట్స్ గోయింగ్ టు ఫాల్". కళ్ళెదుట ఆనవాలు ఉంటే ఇది. ఊరికే మన అంచనా అయితే "ఐ థింక్ షీ విల్ విన్" అంటే సరిపోతుంది.

ప్రశ్న వేసింది నేనే:
ఆ "లే" చిట్కా బాగుంది. మరి ఇఫ్, వెన్ వస్తే రెండు వైపులా విల్ పెట్టాలా?

జవాబు 1:
వద్దు, ఒకవైపే. "ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ విల్ స్టే హోమ్". మనమూ "వాన పడితే ఇంట్లోనే ఉంటా" అంటాం, ఆ "పడితే"లో ఫ్యూచర్ ఎక్కడుంది? "వెన్ ఐ రీచ్, ఐ విల్ కాల్ యూ" కూడా ఇంతే.

జవాబు 3:
రైలు, సినిమా టైములకి మామూలు ప్రెజెంట్ చాలు, "ద ట్రైన్ లీవ్స్ ఎట్ నైన్ టుమారో". ఇంకోటి, "ద డోర్ వోంట్ ఓపెన్" అంటే రేపు తెరుచుకోదని కాదు, ఇప్పుడే ఎంత లాగినా తలుపు ససేమిరా అంటోందని.