అప్‌డేట్: 650 దగ్గర పెరిగిన పీక్ ఏంటో తేలింది

ముందు నా ప్రశ్న క్లుప్తంగా: పైరోల్, బెంజాల్డిహైడ్‌లను ప్రొపియోనిక్ ఆమ్లంలో మరిగించి టెట్రాఫీనైల్‌పోర్ఫిరిన్ (నాలుగు పైరోల్ వలయాలు కలిసి ఒక పెద్ద వలయంగా ఏర్పడే రంగుపదార్థం) చేశాను. ఊదారంగు స్ఫటికాలు బాగానే వచ్చాయి కానీ, కాంతి శోషణ స్పెక్ట్రమ్‌లో 650 నానోమీటర్ల దగ్గరి పీక్ 590 పీక్‌ని మించిపోతోంది, ఎందుకని అడిగాను.

మీలో చాలామంది ఊహించినట్టే అది క్లోరిన్. వాయువు కాదు లెండి, పోర్ఫిరిన్ వలయంలో ఒక ద్విబంధం హైడ్రోజన్‌తో నిండిన రూపం. అక్కడ దాని శోషణ పోర్ఫిరిన్‌ కన్నా పది రెట్లకు పైనే ఉంటుంది. అందుకే చిటికెడు కల్తీ కూడా అంత పెద్దగా కనిపించింది. మళ్ళీ స్ఫటికీకరణ చేసినా ఇది వదలదు, రెండూ కలిసే దిగుతాయి.

చివరికి ఆల్కహాల్ లేని క్లోరోఫామ్‌లో కరిగించి, డీడీక్యూ (అదనపు హైడ్రోజన్‌ని లాగేసి క్లోరిన్‌ని తిరిగి పోర్ఫిరిన్‌గా మార్చే ఆక్సీకరణి) వేసి మరిగించి, వేడిగానే అల్యూమినా గుండా వడగట్టాను. నల్లటి చెత్తంతా పైనే ఆగిపోయింది. ఇప్పుడు 515, 550, 590, 647 పీక్‌లు మెట్లు దిగినట్టు వరసగా తగ్గుతున్నాయి. ఎన్‌ఎంఆర్‌లో (అణువులోని హైడ్రోజన్‌ల పరిసరాలను చూపే పరీక్ష) వలయం లోపలి ఎన్‌హెచ్ సిగ్నల్ -2.8 పీపీఎం దగ్గర శుభ్రంగా ఉంది. దిగుబడి గురించి టెన్షన్ వద్దన్నవాళ్ళ మాటే నిజం, ఈ పద్ధతిలో 20 శాతం మామూలే.

తర్వాత జింక్ అసిటేట్ కలిపితే ఆ నాలుగు పీక్‌లు రెండయ్యాయి. లోహం చేరితే వలయం సౌష్ఠవం పెరుగుతుంది కదా.

ఇక జింక్ థాలోసయనిన్ (పోర్ఫిరిన్ లాంటి వలయమే ఉన్న మరో రంగుపదార్థం) మొదలుపెడుతున్నా. మామూలుదైతే సాధారణ ద్రావణుల్లో సరిగా కరగదు కాబట్టి ముడిపదార్థంగా, కరగడానికి తోడ్పడే టెర్షియరీ బ్యూటైల్ గుంపు ఉన్న థాలోనైట్రైల్‌తోనే వెళ్తున్నా.